మైలవరం: డాలరు చేరిన ఊరు, అడగని లెక్క

విజయవాడ పండిట్ నెహ్రూ బస్టాండులో తిరువూరు బస్సెక్కితే ఇబ్రహీంపట్నం దాకా కృష్ణానది ఎడమ పక్కనే ఉంటుంది. అక్కడ రోడ్డు ఉత్తరానికి తిరుగుతుంది. థర్మల్ స్టేషన్ పొగగొట్టాలు, కొండపల్లి కోట, బొమ్మల అంగళ్లు దాటి జి.కొండూరు చేరేసరికి కాలువ గట్లూ అరటి తోటలూ కనిపించవు. ఎర్ర నేల, రాతి గుట్టలు, వాటి మధ్య మామిడి తోటలు. మైలవరం ఆ నేల మీదుంది. బయటివాళ్లు దీన్ని కృష్ణా డెల్టాలో కలిపేస్తారు గానీ ఇది మెట్ట ప్రాంతం. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక దివి, గుడివాడ, తెనాలి వైపు పారిన నీళ్లు ఈ పై ఊళ్లకు ఎక్కలేదు. బుడమేరు ఈ కొండల్లోనే పుడుతుంది. కానీ దాని పొంగు 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిందే తప్ప, ఇక్కడి పొలాలను ఏడాది పొడుగునా తడిపే ఏరు కాదది.

ఇలాంటి ఊరికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? మైలవరంలో ఈ ప్రశ్న వేస్తే చాలామంది చెయ్యి చూపించేది లకిరెడ్డి బాలిరెడ్డి ఇంజినీరింగ్ కళాశాల వైపు. 1998లో మొదలైన ఈ కాలేజీ ఇప్పుడు కాకినాడ జేఎన్‌టీయూకి అనుబంధంగా, స్వయంప్రతిపత్తితో నడుస్తోంది. కాలేజీ బస్సులు విజయవాడ దాకా తిరుగుతాయి. దాని చుట్టూ హాస్టళ్లు, మెస్సులు, జిరాక్సు షాపులు, టీ బడ్డీలు పుట్టాయి. కాలేజీకి పేరిచ్చిన మనిషి ఈ మండలంలోని వెల్వడం నుంచి 1960లో అమెరికా వెళ్లాడు.

వలస వెళ్లినవాళ్లు ఇంటికి పంపే సొమ్ము పేద దేశాలకు మేలు చేస్తుందా అని ఆర్థికవేత్తలు ఎన్నో ఏళ్లుగా వాదించుకుంటున్నారు. జవాబు వెతకడానికి మైలవరం మండలం ఒక్కటి చాలనిపిస్తుంది నాకు. మేలు ఇక్కడ కాంక్రీటు భవనాల్లో కనిపిస్తుంది. కీడు అమెరికా ఫెడరల్ కోర్టు రికార్డుల్లో ఉంది. మొదటిది మాత్రమే చెప్పి ఊరుకోవడం ఆనవాయితీ అయిపోయింది. ఆ ఆనవాయితీ ఈ ఊరి బిడ్డలకు అన్యాయం చేస్తుంది కాబట్టి రెండూ చెబుతాను.

దాత చేతి మీదుగా ఊరికి వెలుగు రావడం మైలవరానికి కొత్త కాదు. జమీందారీ రోజుల్లో ఇక్కడి రాజావారి పోషణలో మైలవరం బాలభారతీ నాటక సమాజం నడిచింది. యడవల్లి సూర్యనారాయణ, కపిలవాయి రామనాథశాస్త్రి వంటి నటులు ఆ కంపెనీలో వేషం కట్టినవారే. మైలవరం కంపెనీ నాటకమంటే ఆంధ్రదేశంలో ఎక్కడైనా జనం బళ్లు కట్టుకుని వెళ్లేవారట. ఆ పోషణకు మూలం రైతులు కట్టిన శిస్తు. 1948 చట్టంతో జమీందారీలు పోయాయి. పెద్దమనిషి పీఠం ఖాళీ అయింది. కొన్ని దశాబ్దాలకు ఆ పీఠం మీదికి అమెరికా నుంచి వచ్చినవారు చేరారు.

బాలిరెడ్డి కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో కెమికల్ ఇంజినీరింగ్ చదివాడు. 1965 వలస చట్టంతో అమెరికా ఆసియావాసులకు తలుపులు తెరవక ముందే అక్కడికి చేరిన కొద్దిమంది తెలుగువాళ్లలో ఒకడు. 1975లో అదే ఊళ్లో పసంద్ అనే దక్షిణాది భోజన హోటలు తెరిచాడు. హోటలు లాభాలతో ఇళ్లు కొన్నాడు, ఇళ్ల అద్దెలతో మరిన్ని ఇళ్లు కొన్నాడు. 1990ల చివరికి బర్క్‌లీలో వెయ్యికి పైగా అద్దె ఇళ్లకు యజమాని. విద్యార్థులు కిక్కిరిసే విశ్వవిద్యాలయ పట్నంలో అద్దె ఇళ్లంటే ఏటేటా పండే మాగాణి. ఆ సంపాదనలో కొంత వెల్వడానికి, మైలవరానికి వచ్చింది. బడులు వచ్చాయి, చివరికి కాలేజీ వచ్చింది. ఆయన తమ్ముడు, మెర్సెడ్‌లో గుండె వైద్యుడైన హనిమిరెడ్డి పేరు మైలవరం ప్రభుత్వ డిగ్రీ కళాశాలకు ఉంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం మెర్సెడ్ క్యాంపస్‌లో ఒక ఆడిటోరియానికీ లకిరెడ్డి పేరే ఉంది. ఒక మెట్ట ఊరి ఇంటిపేరు రెండు ఖండాల్లో విద్యాలయాల గోడలెక్కింది.

ఇంతవరకూ కథ ఊరంతా చెబుతుంది.

1999 నవంబరులో బర్క్‌లీలోని బాలిరెడ్డి అపార్ట్‌మెంట్లలో ఒకదానిలో 17 ఏళ్ల అమ్మాయి చనిపోయింది. గది వేడి చేసే యంత్రం గొట్టం మూసుకుపోయి కార్బన్ మోనాక్సైడ్ నిండడం వల్ల వచ్చిన చావది. ఆమె వెల్వడం ప్రాంతపు పేద కుటుంబపు పిల్ల. చెల్లెలు కూడా అదే గదిలో ఉంది, బతికింది. స్పృహలేని పిల్లను కొందరు మోసుకెళ్లడం దారిన పోతున్న ఒక మహిళ చూసి, పోలీసులు వచ్చేదాకా కదలకుండా నిలబడింది. ఆమె పట్టుబట్టకపోతే ఆ రోజు ఏం జరిగి ఉండేదో ఊహించుకోవచ్చు.

తర్వాత జరిగింది మన పత్రికలవాళ్లం గుర్తుపెట్టుకోవలసిన సంగతి. బర్క్‌లీ హైస్కూలు పిల్లలు నడిపే పత్రిక ఒకటుంది. చనిపోయింది బడి వయసు పిల్ల కదా, మరి మన బడిలో ఆమె పేరు ఎందుకు లేదు అని ఇద్దరు విద్యార్థినులు ఆరా తీశారు. ఊళ్లో దక్షిణాసియా వాళ్లను కలిసి మాట్లాడారు. పెద్ద పత్రికలు ఆ చావును ప్రమాదంగా రాసి వదిలేశాక, డిసెంబరులో ఈ పిల్లల పత్రికే వెట్టిచాకిరీ అనుమానాన్ని అచ్చువేసింది. 2000 జనవరిలో అరెస్టు జరిగింది.

విచారణలో బయటపడిన పద్ధతి ఇది. లేని పనులు చూపి హెచ్‌1బీ వీసాలు తీసేవారు. కంప్యూటర్ ఉద్యోగిగా వచ్చినవాడికి కూతుళ్లని చెప్పి, అతనికి ఏ బంధుత్వమూ లేని ఆడపిల్లలను దాటించారు. వచ్చినవాళ్లతో హోటల్లో, అద్దె ఇళ్లలో చాకిరీ చేయించారు. మైనరు బాలికలను లైంగికంగా వాడుకున్నారు. 2001 మార్చిలో బాలిరెడ్డి నేరం ఒప్పుకున్నాడు: మైనర్లను లైంగిక దురాచారం కోసం దేశం దాటించడం, వలస మోసానికి కుట్ర, తప్పుడు పన్ను రిటర్ను. జూన్‌లో కోర్టు ఎనిమిదేళ్లకు పైగా జైలుశిక్ష వేసి, బాధితులకు 20 లక్షల డాలర్లు చెల్లించమంది. కుటుంబంలో మరికొందరు కూడా నేరం ఒప్పుకున్నారు. 2008లో ఆయన జైలు నుంచి విడుదలయ్యాడు, 2021లో చనిపోయాడు. ఈ కేసు నడుస్తుండగానే, 2000 అక్టోబరులో అమెరికా మనుషుల అక్రమ రవాణా బాధితుల రక్షణ చట్టం చేసింది. ఆ దేశంలో ఈ నేరం గురించి మాట్లాడే చాలా చోట్ల బర్క్‌లీ కేసు ప్రస్తావనకు వస్తుంది.

వెల్వడానికి అమెరికా విలేకరులు వచ్చినప్పుడు ఊళ్లో ఎక్కువగా వినిపించింది కృతజ్ఞతేనని రాశారు. నాకు అది ఆశ్చర్యం కలిగించదు, కోపం తెప్పించదు కూడా. బడి కట్టినవాడి మీద, పిల్లాడికి ఉద్యోగం ఇప్పించగలవాడి మీద, ఎకరం భూమి లేని ఇల్లు ఏమని నోరెత్తుతుంది? కూతురిని అమెరికా తీసుకెళతానని ఊరి దాత అంటే ఆ తల్లిదండ్రులు కాదనగలిగే స్థితి ఏది? ఆడపిల్లలను ఆ ఇళ్ల నుంచి పంపించింది మూర్ఖత్వం కాదు. డబ్బు ఒకవైపే ఉండడం. ఇంటికి పంపే డబ్బు గురించి చదివిన పుస్తకాల్లో ఈ సంగతికి ఒక్క పేజీ కూడా దొరకడం కష్టం. డాలరు రూపాయిగా మారినప్పుడు దాని కొనుగోలు శక్తి పెరుగుతుందని లెక్క కడతారు. పంపినవాడికి ఊరి మీద వచ్చే అధికారం ఎంత పెరుగుతుందో ఎవరూ లెక్క కట్టరు. బర్క్‌లీలో బడిపిల్లలు వేయగలిగిన ప్రశ్న వెల్వడంలో పెద్దవాళ్లు కూడా వేయలేకపోవడానికి కారణం ఆ అధికారమే.

ఒక మనిషి నేరాన్ని వేల మంది వలస కుటుంబాలకు పులమడం నా ఉద్దేశం కాదు. మైలవరం చుట్టుపక్కల నుంచి అమెరికా, ఆస్ట్రేలియా, గల్ఫ్ వెళ్లిన వాళ్లలో అత్యధికులు రెక్కలు ముక్కలు చేసుకుని పంపుతున్న సొమ్ము అది. అమ్మ మందులకూ చెల్లి పెళ్లికీ తమ్ముడి ఫీజుకూ సరిపోతుందా లేదా అన్నదే వాళ్ల నెలవారీ చింత. దేశం మొత్తానికి ఆ సొమ్ము చిన్నది కాదు. ప్రపంచ బ్యాంకు అంచనా ప్రకారం 2024లో భారత్‌కు దాదాపు 12,900 కోట్ల డాలర్లు వచ్చాయి. ప్రపంచంలో ఏ దేశానికీ ఇంత రాలేదు. అదే ఏడు తక్కువ, మధ్య ఆదాయ దేశాలన్నిటికీ కలిపి చేరిన 68,500 కోట్ల డాలర్లు ఆ దేశాలకు వచ్చే విదేశీ ప్రత్యక్ష పెట్టుబడులూ విదేశీ సాయమూ కలిపిన దానికన్నా ఎక్కువ.

రిజర్వు బ్యాంకు 2023-24 సర్వే మన రాష్ట్రానికి వచ్చే వాటా 4.4 శాతమని చెప్పింది. తెలంగాణది 8.1, కేరళది 19.7, మహారాష్ట్రది 20.5. నాలుగు శాతమేనా అనిపిస్తుంది గానీ, ఆ ఏడాది మొత్తం మీద లెక్కేస్తే అది సుమారు 520 కోట్ల డాలర్లు, 40 వేల కోట్ల రూపాయలు దాటిన సంగతి. ఆ సర్వేలోనే మరో ముఖ్యమైన మార్పు ఉంది. గల్ఫ్ నుంచి వచ్చే వాటా తగ్గి, అమెరికాది 27.7 శాతానికి చేరింది. అంటే రాళ్లెత్తే కూలీలు పంపే మనియార్డరు కన్నా ల్యాప్‌టాప్ ఉద్యోగి చేసే బ్యాంకు బదిలీ బరువెక్కింది.

ఈ తేడా ఊళ్లో ఎవరి ఇంట దీపం వెలుగుతుందో నిర్ణయిస్తుంది. జగిత్యాల, నిజామాబాదు వైపు నుంచి గల్ఫ్ వెళ్లినవాళ్లు, రాజంపేట వైపు నుంచి, గోదావరి జిల్లాల నుంచి కువైట్ ఇళ్లలో పనికి వెళ్లిన ఆడవాళ్లు ఎక్కువగా భూమి లేనివాళ్లు, అప్పుల్లో ఉన్నవాళ్లు. వాళ్లు పంపే డబ్బుతో అప్పు తీరుతుంది, పెంకుటింటి స్థానంలో డాబా లేస్తుంది. నేపాల్‌లో జరిగిందీ ఇదే. 1995-96లో వందలో 42 మంది పేదరికంలో ఉంటే 2010-11 నాటికి 25 మందికి తగ్గారు. మలేసియా, గల్ఫ్, భారత్‌కు వెళ్లిన పిల్లలు పంపిన డబ్బు అందుకు ఒక పెద్ద కారణం. మైలవరం వైపు నుంచి అమెరికా వెళ్లడం వేరే సంగతి. అక్కడికి వెళ్లాలంటే ముందు చదువు కావాలి, చదువుకు ఫీజు కావాలి, ఫీజుకు బ్యాంకులో తాకట్టు పెట్టడానికి ఆస్తి కావాలి. కాబట్టి ఇక్కడికి వచ్చే డాలరు ఇదివరకే నాలుగెకరాలున్న ఇంటికి ఐదో ఎకరం తెస్తుంది. కింది డెల్టా రైతుల మిగులు సినిమా హాళ్లుగా, చిట్టు కంపెనీలుగా, కాలేజీలుగా ఎలా మారిందో పరిశోధకురాలు కారల్ ఉపాధ్యా 1988లోనే రాసింది. డాలరు ఆ పాత కాలువలోనే పారుతోంది.

పైగా సొమ్ము ముందు ఇక్కడి నుంచి అక్కడికి వెళుతుంది. ఇంజినీరింగ్ పూర్తయ్యాక ఎంఎస్ కోసం పంపే ప్రతి ఇల్లూ రెండేళ్లపాటు డబ్బు పంపేదే, తెచ్చుకునేది కాదు. పొలం పత్రాలు బ్యాంకు లాకరులో ఉంటాయి. 2023-24లో అమెరికాలో చదివే భారత విద్యార్థుల సంఖ్య 3,31,602కు చేరి చైనాను దాటింది. అందులో తెలుగు పిల్లలు ఎంతమందో హైదరాబాదు అమెరికన్ కాన్సులేట్ ముందు వరస చూసినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. 2025-26 బడ్జెట్‌లో కేంద్రం చదువు అప్పుతో పంపే సొమ్ము మీద మూలంలోనే వసూలు చేసే పన్ను (టీసీఎస్) తీసేసి ఊరట ఇచ్చింది. మంచిదే. కానీ ఆ అప్పు అమెరికా ఉద్యోగం మీద పందెం కాసినట్టుగా ఉంటుంది. ఉద్యోగం రాకపోతే కట్టాల్సింది ఇక్కడ మామిడి తోట కాపలా కాసే తండ్రి.

మైలవరం కాలేజీ ఈ చక్రానికి ఇరుసు. డాలరుతో వచ్చిన కాలేజీ ఇంజినీర్లను తయారు చేస్తుంది, వాళ్లలో ఆస్తి ఉన్నవాళ్లు డాలరు కోసం వెళతారు, వెళ్లినవాళ్లు మరో తమ్ముడి ఫీజు పంపుతారు. అయినా ఈ కాలేజీ చేసిన మేలును నేను తక్కువ చేయను. అది రాకముందు ఎ.కొండూరు, రెడ్డిగూడెం, తిరువూరు వైపు పిల్లలకు ఇంజినీరింగ్ అంటే విజయవాడ హాస్టలు ఖర్చు. ఆడపిల్లలకైతే చాలా ఇళ్లలో ఆ మాటే వచ్చేది కాదు. వైఎస్ హయాంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక కూలీ ఇళ్ల పిల్లలు కూడా ఈ గేటు లోపలికి వెళ్లారు. ఆ మేలులో దాత భవనం ఎంత ముఖ్యమో ప్రభుత్వ ఖజానా నుంచి వచ్చిన ఫీజు అంతే ముఖ్యం. శిలాఫలకం మీద మాత్రం ఒకరి పేరే ఉంటుంది.

భూమి సంగతికి వద్దాం. విదేశీ మారక నిర్వహణ చట్టం నియమాల ప్రకారం ఎన్‌ఆర్‌ఐ సాగుభూమి, తోట, ఫామ్‌హౌస్ కొనకూడదు, వారసత్వంగా మాత్రం పొందవచ్చు. ఇళ్ల స్థలం కొనుక్కోవచ్చు. అందుకే డాలరు రెండు దారులు వెతుక్కుంటుంది. ఒకటి నాన్న పేరు మీద కొనే తోట, రెండోది లేఅవుట్‌లో ప్లాటు. రోడ్డు పక్కన మామిడి చెట్లు కొట్టేసి రాళ్లు పాతిన లేఅవుట్లు జి.కొండూరు నుంచి మైలవరం దాకా కనిపిస్తాయి. 2014లో అమరావతి ప్రకటనతో మొదలైన వేడికి ఇప్పుడు దాదాపు 190 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు ప్రతిపాదన తోడైంది. ప్లాటు రేటు పెరిగితే అమ్మేవాడికి లాభం. కౌలు రైతుకు, ఇల్లు కట్టుకోవాలనుకునే ఆటో డ్రైవరుకు, కూలీకి, చిన్న మాస్టారికి అదే డబ్బు తలుపు మూస్తుంది. బయటి సొమ్ము ఎక్కువగా దిగే చోట నేల, కూలి, ఇసుక, సిమెంటు అన్నీ పిరమై, ఆ సొమ్ము లేనివాళ్లు తమ ఊళ్లోనే వెనకబడిపోవడాన్ని కేరళ నాలుగు దశాబ్దాల కిందే చూసింది. తిరువనంతపురంలోని సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ 1998లో వలస సర్వేలు మొదలుపెట్టింది కాబట్టి అక్కడ మాటకు ఆధారం దొరుకుతుంది. మనకు మండలం స్థాయిలో అలాంటి సర్వే లేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయమో నాగార్జున విశ్వవిద్యాలయమో చేయదగ్గ పని అది, చేయవలసిన పని కూడా.

మామిడి రైతు ఇంటికి ఈ సొమ్ము ఎలా ఉపయోగపడుతుందో కూడా చెప్పాలి. కలెక్టరు రకం మామిడి ధర పడిపోయిన ఏడు, బంగినపల్లి పూత మాడిపోయిన ఏడు, కొడుకు పంపే డబ్బే పురుగుమందు కొట్టు బాకీ తీరుస్తుంది. ఆర్థికవేత్తలు ఈ గుణాన్నే మెచ్చుకుంటారు. పంట పోయినప్పుడు, కరోనా వచ్చినప్పుడు పెట్టుబడిదారు పారిపోతాడు గానీ ఇంటివాడు ఎక్కువ పంపుతాడు. బ్యాంకు వడ్డీ కోసం వచ్చిన ఎన్‌ఆర్‌ఐ డిపాజిట్లకు ఆ గుణం లేదు. దేశం బంగారం కుదువ పెట్టిన 1991లో ముందుగా వెనక్కి వెళ్లిపోయిన వాటిలో అవీ ఉన్నాయి. పోఖ్రాన్ ఆంక్షల తర్వాత 1998లో రిసర్జెంట్ ఇండియా బాండ్లకు 420 కోట్ల డాలర్లు తెచ్చింది కూడా ఆ ఎన్‌ఆర్‌ఐలే, కానీ మంచి వడ్డీకి. అమ్మ మందులకు పంపే వంద డాలర్లనూ, వడ్డీకి వేసే లక్ష డాలర్లనూ ఒకే గాటన కట్టి ప్రవాసుల దేశభక్తిగా కీర్తించడం సరికాదు.

ఇంటి సొమ్ము చేయలేని పనులున్నాయి. కొడుకు పంపిన డబ్బుతో తండ్రి బోరు వేయించగలడు. పక్క రైతు ఇంకా లోతుగా వేయిస్తాడు. నాలుగేళ్లకు ఇద్దరికీ నీళ్లు రావు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కృష్ణా మెట్టకు వచ్చేసరికి చివరి భాగం. పై జోన్లు తాగగా మిగిలిందే ఇక్కడికి. ఆ లోటు తీర్చడానికి గోదావరి నీళ్లు ఎత్తిపోసే చింతలపూడి పథకం 2008లో మొదలై నూజివీడు, తిరువూరు, మైలవరం పొలాలను ఇంకా ఊరిస్తూనే ఉంది. అమెరికాలో ఉన్న మైలవరం పిల్లలంతా కలిసి చందా వేసినా ఆ కాలువ రాదు. అది పన్నుల డబ్బుతో, ప్రభుత్వంతో కావలసిన పని. డాలరుతో ఇల్లు చక్కబడిన కుటుంబాలకు ప్రభుత్వాన్ని నిలదీసే అవసరం తగ్గుతుంది. పిల్లలు ప్రైవేటు బడికి, జబ్బు విజయవాడ కార్పొరేటు ఆస్పత్రికి, నీళ్లు ఆర్వో క్యానుకు మారిపోతాయి. మాట చెల్లే ఇళ్లు పక్కకు తప్పుకుంటే సర్కారు బడి, కాలువ, పీహెచ్‌సీ గురించి అడిగేది మాట చెల్లని ఇళ్లే.

ఇక అటువైపు తలుపు కూడా ఎప్పుడూ ఒకేలా తెరిచి ఉండదు. 2025 జులైలో ట్రంప్ సంతకం చేసిన చట్టం, అమెరికా నుంచి నగదు, మనియార్డరు రూపంలో బయటికి పంపే సొమ్ము మీద 2026 జనవరి 1 నుంచి 1 శాతం పన్ను వేసింది. మొదట 5 శాతమన్నారు, తర్వాత 3.5, చివరికి 1. బ్యాంకు ఖాతా నుంచి పంపితే పన్ను లేదు కాబట్టి మనవాళ్లకు దెబ్బ తక్కువే. అసలు దెబ్బ 2025 సెప్టెంబరులో కొత్త హెచ్‌1బీ దరఖాస్తుల మీద పెట్టిన లక్ష డాలర్ల రుసుము. పొలం తాకట్టు పెట్టి పిల్లాడిని పంపిన ఇంటిని అది భయపెట్టింది. ఒక దేశపు అధ్యక్షుడి సంతకం మీద మైలవరంలో ఒక తోట వేలానికి వస్తుందా రాదా అన్నది ఆధారపడి ఉండడం ఏ ఊరికీ క్షేమం కాదు.

మరి ఈ సొమ్మును ఊరి మేలుకు మళ్లించే పద్ధతులు లేవా? ఉన్నాయి. మెక్సికోలో జకటెకాస్ రాష్ట్రం నుంచి వెళ్లినవాళ్ల ఊరి సంఘాలు ఒక డాలరు వేస్తే స్థానిక, రాష్ట్ర, కేంద్ర ప్రభుత్వాలు తలొక డాలరు కలిపే పథకం నడిచింది. రోడ్లు, నీటి పైపులు, బడులు వచ్చాయి. దాత ఒక్కడే యజమాని కాకుండా నలుగురి చేయి పడడం అందులో గొప్ప. మన దగ్గర 1997లో మొదలైన జన్మభూమి కింద కూడా ప్రవాసుల డబ్బుతో బడి గదులు లేచాయి. తానా, ఆటా వంటి సంఘాలు సైకిళ్లు, ఉపకారవేతనాలు, కంటి శిబిరాలు తెచ్చాయి. అయితే గుంటూరు జిల్లాలో పరిశోధన చేసిన సనమ్ రూహి ఒక సంగతి గుర్తించింది. ప్రవాసుల దానం కులం దారుల వెంట ప్రయాణిస్తుందని. తమవాళ్ల ఊరికి, తమవాళ్ల బడికి, తమవాళ్ల పిల్లలకు ముందు చేరుతుంది. దానం పొందిన ఊరిలోనే దళితవాడ దానికి బయట మిగిలిపోవచ్చు.

ఈ నేపథ్యంలో 2025 ఉగాదినాడు రాష్ట్ర ప్రభుత్వం మొదలుపెట్టిన పీ4ను మైలవరం చాలా జాగ్రత్తగా చూడాలి. సంపన్నులు మార్గదర్శులుగా నిలిచి, పేద ఇళ్లను బంగారు కుటుంబాలుగా దత్తత తీసుకోవాలని దాని సారాంశం. ప్రవాసులకూ పిలుపు వెళ్లింది. ఉద్దేశం మంచిది, చాలామంది మంచి మనసుతోనే ముందుకొస్తారు. కానీ ఒక పేద ఇంటిని ఒక ధనవంతుడి చేతికి ముడివేయడంలో ఉన్న అపాయం ఏమిటో ఈ మండలానికి తెలిసినంతగా రాష్ట్రంలో మరే మండలానికీ తెలియదు. 1990లలో వెల్వడం పిల్లలు విమానమెక్కినప్పుడు వాళ్ల కాగితాలు చూసి అడ్డుపడిన అధికారి ఇక్కడ ఒక్కడూ లేడు. 1983 వలస చట్టం కింద ప్రయాణానికి ముందు తనిఖీ ఉండేది గల్ఫ్ సహా కొన్ని దేశాలకే. అమెరికా ఆ జాబితాలో లేదు.

అందుకే సాయం వ్యక్తి చేతి నుంచి ఇంటికి కాకుండా గ్రామసభ మీదుగా వెళ్లాలి. ఎవరు ఎంత ఇచ్చారు, ఏ ఇంటికి ఇచ్చారు, ఎందుకు ఇచ్చారు అన్నది పంచాయతీ ఆఫీసు గోడ మీద తెలుగులో రాసి ఉండాలి. సాయం వద్దని చెప్పిన ఇంటికి రేషనో పింఛనో ఆగిపోతుందన్న భయం లేకుండా చూడాలి. మార్గదర్శి ఆ ఇంటి ఆడపిల్లను చదువుకనో పనికనో ఊరు దాటిస్తానంటే, ఆ మాట టికెట్టు కొనకముందే అంగన్‌వాడీ సూపర్‌వైజరుకూ జిల్లా బాలల సంరక్షణ విభాగానికీ చేరాలి. వాళ్లు ఆ పిల్లతో తల్లిదండ్రులు లేకుండా, దాత లేకుండా ఒకసారి విడిగా కూర్చుని మాట్లాడాలి.